మధుమేహం - కంపవాతం

మధుమేహ రోగులు చేయి వణకగానే చక్కెర తగ్గిందనుకొని బెల్లం తినడం నేను తరచు చూస్తుంటాను. ముందు రక్తపరీక్ష చేసుకోవాలి. చక్కెర పడిపోయినచో వణుకుతోపాటు చెమట, ఆకలి, గుండెదడ కలుగుతాయి. తీపి తిన్న కొద్దిసేపటికి శమిస్తాయి. అట్లుగాక, ఒడిలో విశ్రాంతిగా ఉంచిన చేయి వణకుతూ, నడక మందగించి, వాసన తెలియక, దీర్ఘకాల మలబద్ధకం ఉన్నచో కంపవాతమని శంకించాలి. 1817లో జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన వ్యాధి ఇదే.

మధుమేహం ఉన్నవారికి ఇది సోకే అవకాశం కొంత అధికమనీ, త్వరగా ముదురుతుందనీ పరిశోధనలు తెలుపుతున్నాయి. ఇన్సులిన్ మెదడు కణాలకూ అవసరమే.

మేము వాడే దూలగొండి గింజల్లో సహజంగా లీవోడోపా ఉంది. వైద్యులిచ్చే మాత్రల్లోనూ అదే. కనుక స్వయంగా రెండూ కలపరాదు, మాత్రలు మానరాదు. మితాహారం, నిత్యం నడక రెండు వ్యాధులకూ హితం.