ఒకటే పురుగు, నాలుగు ఇంటిపేర్లు

సౌదీ ఖర్జూర తోటల్లో పెద్ద దొంగ ఎవరంటే అందరూ చెప్పేది ఎర్ర ముక్కు పురుగు పేరే. అది చెట్టునే చంపేస్తుంది కాబట్టి వార్తల్లోకి ఎక్కింది. చిన్న దొంగ గురించి ఎవరూ మాట్లాడరు. రెక్కలు చాపితే సెంటీమీటరుకి కాస్త పైన ఉండే బూడిదరంగు రెక్కల పురుగు అది. శాస్త్రీయ నామం బాట్రాకెడ్రా అమిడ్రాలా. అరబ్బు రైతులు 'హుమైరా' అంటారు. 'అహ్మర్' అంటే ఎరుపు, అందులోంచి వచ్చిన పేరు.

ఎరుపెందుకు? కాయ ఇంకా పచ్చిగా, చిన్నగా ఉండగానే దీని పిల్లపురుగు తొడిమ దగ్గర తొలుచుకుని లోపలికి పోతుంది. కాయ ఎర్రబారి, ఎండి, పట్టుదారానికి వేలాడుతూ ఉండిపోతుంది, లేదా రాలిపోతుంది. పురుగు పక్క కాయలోకి మారుతుంది. ఉద్ధృతంగా ఉన్నచోట సగం పంట పోయిన సందర్భాలూ ఉన్నాయి.

దీనికి 1916లో పేరు పెట్టినవాడు ఎడ్వర్డ్ మైరిక్. ఇంగ్లండులో బడిపిల్లలకి లాటిన్, గ్రీకు చెప్పుకుంటూ పద్నాలుగు వేలకు పైగా చిన్న పురుగులకు పేర్లు పెట్టిన మహానుభావుడు. ఆయన ఎక్కువగా నమ్ముకున్నది రెక్కల్లోని ఈనెలను. తర్వాతివాళ్ళు జననాంగాలను కోసి చూశారు, ఆ తర్వాత డీఎన్‌ఏ వచ్చింది. చూసే పద్ధతి మారినప్పుడల్లా చుట్టరికాలు మారాయి. అందుకే పాత వ్యాసాల్లో ఇదే పురుగు ఒకచోట కాస్మోప్టెరిజిడే కుటుంబంలో, మరోచోట మోమ్ఫిడేలో, ఇంకోచోట కోలియోఫోరిడేలో కనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువమంది రాసేది బాట్రాకెడ్రిడే అని. గ్రీకులో 'బాత్రకోస్' అంటే కప్ప, 'హెద్రా' అంటే ఆసనం.

ఇదంతా పండితుల గొడవే కదా అనిపించవచ్చు. కానీ కుటుంబం పేరుతో వెతికే పరిశోధకుడికి సగం సమాచారం దొరకదు. మా డేటాబేస్ భాషలో చెప్పాలంటే, ఫోల్డర్ ఎన్నిసార్లు మారినా కీ మారకూడదు. ఇక్కడ ఆ కీ జాతి పేరే. మగపురుగులను రప్పించే లింగాకర్షక ఎర కూడా జాతిని బట్టే పనిచేస్తుంది. జాతిని పొరబడితే బుట్ట ఖాళీగా ఉంటుంది, కాయలు రాలుతూనే ఉంటాయి.

అల్ అహ్సా ఒయాసిస్సులో ఇరవై అయిదు లక్షల ఖర్జూర చెట్లున్నాయి. 2018లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వేసవి మొదట్లో అటు వెళ్తే గెలల కింద చూడండి. ఎర్రబారి రాలిన పచ్చికాయకి తొడిమ దగ్గర సన్నని చిల్లు ఉంటే, హుమైరా వచ్చి వెళ్ళిందని అనుమానించవచ్చు.