నామకరణము: పేరులోని ప్రార్థన



బిడ్డ కలిగిన ఇంటివారు మా వద్దకు వచ్చి మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: “శాస్త్రిగారూ, మా బిడ్డకు ఏ అక్షరము వచ్చినది?” అక్షరమును గూర్చి అడుగువారే గాని అర్థమును గూర్చి అడుగువారు నేడు అరుదైనారు. కావున నామకరణమును గూర్చి పెద్దలు ఏమి చెప్పిరో కొంత విచారింతము.

తెలుగునాట పెక్కు కుటుంబములవారు అనుసరించు ఆపస్తంబ గృహ్యసూత్రము శిశువునకు రెండు నామములను విధించినది. మొదటిది జన్మనక్షత్రమును బట్టి ఏర్పడు నామము. దానిని రహస్యముగా ఉంచవలెనని సూత్రకారుని ఆదేశము. రెండవది పదియవ దినమున తల్లియు తండ్రియు కలిసి ఉంచు వ్యవహారనామము. ఇది రెండు లేక నాలుగు అక్షరములు కలదై, గ, జ, ద, బ వంటి ఘోషాక్షరముతో మొదలై, నడుమ య, ర, ల, వలలో ఒకటి కలిగియుండవలెను. ‘సు’ అను ఉపసర్గ గల పేరు స్థిరమైనదని కూడ చెప్పబడినది. ఆడపిల్లకు బేసి సంఖ్య అక్షరములు ఉండవలెను. సుజాత అను పేరును చూడుడు. మూడక్షరములు, ముందు ‘సు’. అర్థము మంచి జన్మ కలది.

ఇక అశ్వినికి చూ, చే, చో, లా అని పంచాంగములోని అవకహడ చక్రము చూపు అక్షరములు జ్యోతిష సంప్రదాయమునకు చెందినవి. ఆ చక్రములో ఆర్ద్ర మూడవ పాదమునకు ‘ఙ’ వచ్చును. దానితో మొదలగు పేరును ఎవరు పెట్టగలరు? అట్టి అక్షరము వచ్చినదని తల్లిదండ్రులు బెంగపడనక్కరలేదు. నక్షత్రనామమును జపహోమాదులకు, సంకల్పమునకు ఉంచుకొని, లోకము పిలుచు పేరును అర్థమును బట్టి ఎన్నుకొనుట శాస్త్రసమ్మతమే.

అర్థమును చూచి పేరు పెట్టుట మనకు మాత్రమే చెందిన ఆచారమా? కాదు. మనము నిత్యము తిరుగాడు వీధులే ఇందుకు సాక్ష్యము. గోలకొండ ప్రభువు అబ్దుల్లా కుతుబ్ షా (1626–1672) కొలువులోని ఒకరికి ‘నేక్‌నామ్ ఖాన్’ అను బిరుదు కలదనియు, దానినుండియే మన నాంపల్లికి ఆ పేరు వచ్చినదనియు చెప్పుదురు. పారసీలో నేక్ అనగా మంచి, నామ్ అనగా పేరు. పారసీ ‘నామ్’, సంస్కృత ‘నామన్’, లాటిన్ ‘నోమెన్’, ఆంగ్ల ‘నేమ్’ ఇవన్నియు ఒక్క మూలమునుండి పుట్టిన తోబుట్టువులు. నేక్‌నామ్ అన్నను, సునామ అన్నను భావ మొక్కటే. సూత్రకారుడు మెచ్చిన ‘సు’ అక్కడ ‘నేక్’ అయినది.

ఆ నాంపల్లిలోనే యూసుఫైన్ దర్గా కలదు. అరబ్బీలో ‘ఐన్’ ద్వివచన ప్రత్యయము. యూసుఫ్, షరీఫ్ అను ఇరువురు అక్కడ సమాధి పొందగా ఒక్కరి పేరుతోనే ఇరువురను చెప్పినారు. మాతాపితరులను ‘పితరౌ’ అని చెప్పు మన ఏకశేషము వంటిదే ఇది. అబిడ్స్‌కు చేరువలో గన్‌ఫౌండ్రీ యందు సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ ఉన్నది. యూసుఫ్, జోసెఫ్ రెండును హీబ్రూ ‘యోసేఫ్’ రూపములే. దేవుడు ఇంకను వృద్ధిచేయుగాక అని దాని అర్థము. అబిడ్స్‌లోని చర్చికి పేరిచ్చిన జార్జి అను పదమునకు గ్రీకులో కృషీవలుడని అర్థము. మనకు బలరాముడు హలధరుడు కాడా! ఇక అబిడ్స్ అను పేరు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులోనుండిన ఆల్బర్ట్ అబిడ్ నడిపిన దుకాణమువలన వచ్చినది. ప్రాచీన జర్మను భాషలో ఆల్బర్ట్ అనగా కులీనతతో ప్రకాశించువాడు.

లోకమంతటను ఇట్లే. గ్రీకుల థియోడోర్, పారసీ సంప్రదాయపు ఖుదాబఖ్ష్, మన దేవదత్తుడు ముగ్గురును భగవంతుడిచ్చిన బిడ్డలే. అబ్దుల్లా అనగా దైవదాసుడు. మన రామదాసు, హరిదాసు ఆ కోవలోనివారే. ఆఫ్రికాలోని ఘనా దేశమున ఆకాన్ ప్రజలు పుట్టిన వారమును బట్టి పేరు పెట్టుదురు. శుక్రవారము పుట్టిన మగబిడ్డ కోఫీ. మన లంబాడీ తండాలలో సోమవారము పుట్టినవాడు సోమ్లా, మంగళవారము పుట్టినది మంగ్లీ అగుట మీరెరుగుదురు.

పుట్టిన బిడ్డలు నిలువని ఇండ్లలో శిశువును పెంటకుప్పపై క్షణకాలము ఉంచి పెంటయ్య అనియు, పుల్లివిస్తరిలో పరుండబెట్టి పుల్లయ్య అనియు పిలిచిరి. మృత్యువు కన్ను ఆ బిడ్డపై పడరాదని తల్లిపడిన ఆరాటమది. చీనా దేశమునను బిడ్డలకిట్లు నీచవస్తువుల పేర్లు పెట్టు వాడుక కలదు. బడిలో అట్టి పేరుగల బాలుని ఎగతాళి చేయువారు ఒక తల్లి కన్నీటిని ఎగతాళి చేయుచున్నారని గ్రహింపవలెను.

భాగవత షష్ఠస్కంధమున అజామిళుడు అవసానకాలమున కుమారుని ‘నారాయణా’ అని పిలిచి యమభటులనుండి విడివడెను. బిడ్డను రోజుకు నూరుసార్లు పిలుచుచుందుము. ఆ పిలుపు భగవన్నామమో, సద్గుణమో అయినచో గృహమే జపశాల యగును. తండ్రి పేరులోని అక్షరమును తల్లి పేరులోని అక్షరమును అతికి, ఏ భాషలోను అర్థములేని శబ్దము చేసినచో పెద్దయిన పిదప “నా పేరునకు అర్థమేమి?” అని అడుగు బిడ్డకు ఏమని బదులిత్తురు?

లౌకికమైన మాట యొకటి. పళ్ళెములో బియ్యము పోసి ఉంగరముతో వ్రాసిన పేరే జనన రిజిస్టరులోను ఉండునట్లు చూచుకొనుడు. పేరు లేకయే జననము నమోదైనచో, నమోదైన పండ్రెండు మాసములలోపు రుసుము లేకయే పేరు చేర్పించవచ్చును. 2023 అక్టోబరు 1 నుండి పుట్టినవారికి బడిలో చేరుటకును, పాస్‌పోర్టునకును ఆ జననపత్రమే ఆధారము.

కావున అక్షరమునకు ముందు అర్థమును అడుగుడు. తల్లిదండ్రు లిరువురును కూడి నిర్ణయింపుడు. పెట్టిన పేరును సగము చేయక నిండుగా నోరార పిలువుడు. పొరుగువాని బిడ్డ పేరు మీ భాషలో లేకున్నను, అందొక ప్రార్థన ఉన్నదని తలచి గౌరవింపుడు.

శుభమస్తు.