క్షేమమని రాసిన ఉత్తరాలు

‘ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను...’

సెల్‌ఫోన్లు రాకముందు కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెలకు దుబాయి నుంచో, మస్కట్ నుంచో వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఇలాగే మొదలయ్యేవి. అందులో ఎండ సంగతి ఉండదు. ఒక్క గదిలో పదిమంది సర్దుకుని పడుకునే సంగతి ఉండదు. జీతం ఆగిపోయిన సంగతి అసలే ఉండదు. అయినా ఇంట్లోవాళ్లకు తెలిసిపోయేది. ఉత్తరంతోపాటు వచ్చిన ఫొటోలో కొడుకు మెడ ఎముకలు చూసి తల్లి, అక్షరాల వంకర చూసి భార్య పసిగట్టేసేవారు. రాయని మాటను చదవడం ఈ ప్రాంతపు ఆడవాళ్లకు ఎవరూ నేర్పకుండానే అబ్బిన విద్య.

యుద్ధం గురించి వచ్చిన మంచి పుస్తకాలు చదవడానికి కావలసిందీ అదే విద్య!

ఇప్పుడా పుస్తకాల గొడవ ఎందుకంటారా? తెల్లవారుజామున ఏ ఊరి కాలేజీ మైదానానికైనా వెళ్లి చూడండి. చీకటి విడవకముందే కుర్రాళ్లు పరుగులు తీస్తూ కనిపిస్తారు. చేతిలో స్టాప్‌వాచీ, మనసులో ఆర్మీ సెలక్షన్లు. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం ప్రకటించాక పదిహేడున్నరేళ్లకే సైన్యంలో చేరే వీలుంది. సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత కొనసాగేది నూటికి పాతికమంది. అలా చేరతానని కొడుకు అన్నరోజు ఇంట్లో తండ్రికి గర్వం, తల్లికి గుబులు. కుర్రాడి బల్లమీద జనరల్ నాలెడ్జి పుస్తకం ఉంటుంది, లెక్కల గైడు ఉంటుంది. సిపాయి బతుకు ఎలా ఉంటుందో చెప్పే పుస్తకం ఒక్కటీ ఉండదు. ఆ లోటును సినిమాలు తీరుస్తున్నాయి... పాటలతో సహా!

మిరియాలు అయిపోయాయి

మొదటి ప్రపంచ యుద్ధంలో భారతీయ సిపాయిలు లక్షమందికి పైగా ఫ్రాన్స్, బెల్జియం మట్టిలో పోరాడారు. వాళ్లు ఇళ్లకు రాసిన ఉత్తరాలను బ్రిటిష్ అధికారులు విప్పి, చదివి, కొన్ని భాగాలను ఇంగ్లిషులోకి తర్జుమా చేయించి పై అధికారులకు పంపేవారు. సిపాయిల మనసులో ఏముందో తెలుసుకోవడానికి చేసిన ఏర్పాటది. ఆ కాగితాలే ఇప్పుడు మనకు మిగిలాయి. డేవిడ్ ఒమిస్సీ అనే చరిత్రకారుడు వాటిలోంచి ఏరి 1999లో ‘ఇండియన్ వాయిసెస్ ఆఫ్ ది గ్రేట్ వార్’ అనే సంకలనం తెచ్చాడు.

అధికారులు చదువుతారని సిపాయిలకు తెలుసు. అందుకే మాటలు మార్చి రాశారు. ఒక ఉత్తరంలో నల్ల మిరియాలు అయిపోవచ్చాయనీ, ఎర్ర మిరియాలు వాడుతున్నారనీ ఉంటుంది. వంటింటి కబురు కాదది! నల్లవి అంటే భారతీయ సిపాయిలు, ఎర్రవి అంటే తెల్లవాళ్లు. మనవాళ్లు ఎంతమంది పోయారో ఊరికి అలా తెలియజేశారన్నమాట. ఇక ఎవరూ ఇటు రావద్దని సూచించినవాళ్లూ ఉన్నారు, ఫ్రాన్స్ పొలాలు, అక్కడి ఆడపిల్లల చదువు చూసి ముచ్చటపడినవాళ్లూ ఉన్నారు. ఎక్కువ ఉత్తరాలు పంజాబు, ఉత్తరాది వాళ్లవే. అయినా దుబాయి ఉత్తరాలు చదివిన ఇళ్లకు వాటిలో ఏ ఒక్కటీ పరాయిదిగా అనిపించదు.

నిజాం రాజ్యం కూడా ఆ యుద్ధానికి సైన్యాన్ని పంపింది. హైదరాబాద్ లాన్సర్లు అనే గుర్రపు దళం సూయజ్ కాలువ దగ్గర, పాలస్తీనాలో పనిచేసింది. ఢిల్లీ వెళ్లినప్పుడు తీన్‌మూర్తి చౌక్ దగ్గర ఫొటో దిగుతాం కదా... అక్కడ నిలబడిన ముగ్గురు కంచు సిపాయిలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూరు దళాలకు గుర్తు. 1922లో పెట్టారు. కోరుట్ల అప్పట్లో నిజాం ఏలుబడిలోని ఊరే కాబట్టి, ఆ ముగ్గురిలో ఒకరు మనకు కాస్త చుట్టమే అనుకోవచ్చు.

సెలవుమీద ఇంటికొచ్చిన కొడుకు

కొడుకు ఆర్మీలో చేరతానంటున్న ఇంట్లో ఒకే ఒక్క విదేశీ నవల ఉండాలంటే అది ఎరిక్ మరియా రిమార్క్ రాసిన ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’. 1929లో పుస్తకంగా వచ్చింది. రిమార్క్ జర్మన్. పద్దెనిమిదేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా వెళ్లి గాయపడ్డాడు. 1933లో నాజీలు ఈ పుస్తకాన్ని బహిరంగంగా తగలబెట్టారు. దాని బలం ఏమిటో వాళ్లకు బాగా తెలుసు మరి!

కథ చాలా మామూలుగా మొదలవుతుంది. బడిలో మాస్టారు దేశభక్తి గురించి ఉపన్యాసాలిచ్చి, క్లాసు పిల్లలందర్నీ సైన్యంలో చేర్పిస్తాడు. ఆయన మాత్రం ఊళ్లోనే ఉంటాడు. పిల్లలు ఒక్కొక్కరే రాలిపోతుంటారు. అందులో ఒక జత బూట్ల కథ ఉంది. కాలు తీసేసిన కుర్రాడు ఆసుపత్రిలో చావుకు దగ్గరవుతుంటే, స్నేహితుడి కన్ను అతడి మంచి తోలు బూట్ల మీద పడుతుంది. చెడ్డవాడై కాదు, తన బూట్లు కాళ్లను కోసేస్తున్నాయి కాబట్టి. ఆ బూట్లు ఒకరి తర్వాత ఒకరికి చేతులు మారుతుంటాయి. చేతులు మారిన ప్రతిసారీ ఏం జరిగిందో రచయిత పెద్దగా చెప్పడు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

అన్నిటికన్నా గుచ్చుకునేది సెలవు ఘట్టం. పాల్ ఇంటికొస్తాడు. జబ్బుతో మంచంలో ఉన్న తల్లి, అక్కడ చాలా కష్టంగా ఉందా నాయనా అని అడుగుతుంది. లేదమ్మా, అంతా కలిసే ఉంటాం, అంత కష్టమేం కాదంటాడు. తండ్రి మాత్రం యుద్ధం కబుర్లు చెప్పమని, నలుగురిలో కూర్చోబెట్టి వినాలని ఉబలాటపడతాడు. ఊరి పెద్దలు ఏ ఊరు ఎలా గెలవాలో పాల్‌కే పాఠం చెబుతారు. సెలవు మీద గల్ఫ్ నుంచి వచ్చిన కొడుకును కూర్చోబెట్టి ‘అక్కడ బాగా సంపాదిస్తున్నావట కదా’ అన్న ఊళ్లకు ఈ పేజీలు కొత్తేం కాదు.

2022లో వచ్చిన జర్మన్ సినిమాకు నాలుగు ఆస్కార్లు దక్కాయి. బాగానే తీశారు. కానీ ఈ సెలవు ఘట్టాన్నే తీసేశారు. సినిమా చూసినవాళ్లు కూడా పుస్తకం చదవాల్సిందే.

రైల్లోంచి విసిరిన టోపీ

ఇంగ్లిషు పుస్తకాలు మాకెందుకు అనే అమ్మలకు, అమ్మమ్మలకు ఓ పుస్తకం ఉంది. కిర్గిజ్ రచయిత చింగీజ్ ఐత్‌మాతోవ్ 1963లో రాసిన నవలిక. సోవియట్ రోజుల్లో ‘తల్లీ భూదేవి’ పేరుతో తెలుగులోకి వచ్చింది. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాన్లు ఊరూరా తిరిగిన కాలం గుర్తున్నవాళ్లకు ఈ పేరు కూడా గుర్తుండొచ్చు. నున్నటి కాగితం, గట్టి అట్ట, అతి తక్కువ ధర!

తొల్గొనాయ్ అనే రైతు ముసలమ్మ పొలంలో నిలబడి భూమితో మాట్లాడుతుంది. కథంతా అదే. రెండో ప్రపంచ యుద్ధం ఆమె భర్తనూ, ముగ్గురు కొడుకులనూ తీసుకుపోయింది. ఇందులో యుద్ధభూమి ఎక్కడా కనబడదు. కనబడేవి విత్తనాలు లేని పొలం, మగాళ్లు లేని ఊరు, వాకిట్లోకి వచ్చే పోస్టు.

నడిమి కొడుకు ఉన్న రైలు ఫలానా స్టేషన్ మీదుగా పోతుందని కబురొస్తుంది. తల్లీ, కోడలూ మంచులో ప్రయాణం చేసి స్టేషన్‌కు చేరతారు. వండి తెచ్చిన మూట చేతిలో ఉంటుంది. ఒక్కో రైలూ వస్తుంటుంది, పోతుంటుంది. చివరికి ఆ రైలు రానే వస్తుంది... ఆగదు. బోగీ తలుపులోంచి వేలాడుతూ కొడుకు ‘అమ్మా’ అని అరిచి, ఏదో చెప్పి, తల మీది టోపీ తీసి విసిరేస్తాడు. ఆమె దగ్గర మిగిలింది ఆ టోపీయే. తెచ్చిన తిండి తెచ్చినట్టే ఉండిపోతుంది. కొడుకును ముంబయి బస్సెక్కించి, అక్కడి నుంచి విమానం ఎక్కుతాడని తెలిసి, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డ తల్లులకు ఈ ఘట్టాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మన గుట్టల్లో జరిగిన యుద్ధం

యుద్ధమంటే ఎక్కడో సరిహద్దుల్లో జరిగేదని అనుకుంటాం. కోరుట్ల పక్కనే జగిత్యాలలో నక్షత్రం ఆకారంలో కోట ఉంది. 1747లో ఇద్దరు ఫ్రెంచి ఇంజినీర్లు కట్టారని, వాళ్ల పేర్లు కలిసే ఊరి పేరైందని చెబుతారు. బురుజుల మీద ఫిరంగులు ఇంకా ఉన్నాయి. పిల్లలు వాటి మీదెక్కి ఫొటోలు దిగుతుంటారు.

అంత వెనక్కి కూడా పోనక్కర్లేదు. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకరరావు దళం నిజాం బలగాలతో పోరాడి నేలకొరిగింది. తెలంగాణ సాయుధ పోరాటం మీద నాయకులు రాసిన పుస్తకాలు చాలానే ఉన్నాయి. పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకం వాటిలో పెద్దది. నాలుగు వేలమంది ప్రాణాలు పోయాయని లెక్క చెబుతుంది. కానీ మొదటిసారి చదివేవాళ్లు దానితో మొదలుపెడితే తీర్మానాల దగ్గరే ఆగిపోయే ప్రమాదముంది.

మొదలుపెట్టాల్సింది ‘మనకు తెలియని మన చరిత్ర’తో. స్త్రీశక్తి సంఘటన సభ్యులు టేప్‌రికార్డర్లు పట్టుకుని పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టుగా 1986లో అచ్చువేశారు. దళంతో అడవిలో ఉండాలంటే పసిబిడ్డను వదులుకోవాల్సి వచ్చిన తల్లి అందులో మాట్లాడుతుంది. ఆకలి, నెలసరి, వానలో నడక, పక్కవాళ్ల అనుమానపు చూపులు... నాయకుల పుస్తకాల్లో ఒక్క వాక్యానికి కూడా నోచుకోనివన్నీ ఇందులో ఉన్నాయి. 1951లో పోరాటం విరమించాక, ఇక ఇళ్లకు వెళ్లండన్నప్పుడు వాళ్లకు కలిగిన బాధ కూడా ఉంది. నిన్నటిదాకా తుపాకి పట్టిన చేతికి మళ్లీ గరిటె ఇచ్చారు మరి. దీనికి జోడీగా మల్లు స్వరాజ్యం ఆత్మకథ ‘నా మాటే తుపాకి తూటా’ (2019) చదవొచ్చు.

విచిత్రం ఏమిటంటే... సరిగ్గా అదే కాలంలో బెలారస్‌లో స్వెత్లానా అలెక్సీవిచ్ అనే విలేఖరి కూడా టేప్‌రికార్డర్ పట్టుకుని, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన సోవియట్ ఆడవాళ్ల ఇళ్లు తిరుగుతోంది. ఆ పుస్తకం 1985లో వచ్చింది. ఇంగ్లిషులో ‘ది అన్‌విమన్లీ ఫేస్ ఆఫ్ వార్’గా దొరుకుతుంది. ఆమెకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. జడలు కత్తిరించి, కాళ్లకు సరిపోని మగవాళ్ల బూట్లు తొడిగి యుద్ధానికి పంపిన అమ్మాయిలు, గెలిచి ఇంటికొచ్చాక తాము యుద్ధంలో ఉన్నామన్న సంగతే దాచుకోవాల్సి వచ్చింది. పెళ్లి సంబంధాలు రావని! ఈ రెండు పుస్తకాలూ రాసినవాళ్లకు ఒకరి సంగతి మరొకరికి తెలుసనడానికి ఆధారం లేదు. కానీ చదువుతుంటే నల్గొండ ఎక్కడ ముగిసిందో, మిన్‌స్క్ ఎక్కడ మొదలైందో తెలియదు.

అవతలి వైపు కూడా ఒక సైనికుడు ఉన్నాడు. 1948 సెప్టెంబరులో భారత సైన్యానికి లొంగిపోయిన నిజాం సేనాని ఎల్ ఎద్రూస్. ఆయన జ్ఞాపకాలు ‘హైదరాబాద్ ఆఫ్ ది సెవెన్ లోవ్స్’ పేరుతో 1994లో వచ్చాయి. ఆయన వాదనతో ఏకీభవించక్కర్లేదు. ఓడిపోతామని తెలిసిన సేనాని ఏం ఆలోచిస్తాడో తెలుసుకోవడానికైనా చదవాలి.

చిన్నవీ, చేదువీ

‘జైహింద్’ నినాదాన్ని ఇచ్చింది హైదరాబాదీ అని ఎందరికి తెలుసు? ఆబిద్ హసన్ సఫ్రానీ. 1943లో నేతాజీతో కలిసి జలాంతర్గామిలో జర్మనీ నుంచి ఆసియాకు వచ్చింది ఆయనే. ఇంఫాల్ నుంచి ఆజాద్ హింద్ ఫౌజ్ వెనుదిరిగిన రోజులను ‘ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్’ అనే చిన్న పుస్తకంగా రాశారు. గెలుపు గురించి రాయడం తేలిక. వెనక్కి నడవడం గురించి రాసినవాళ్లు తక్కువ.

బ్రిగేడియర్ జె.పి.దళ్వీ ‘హిమాలయన్ బ్లండర్’ (1969) మాత్రం కాస్త పెద్దవాళ్ల పుస్తకం. 1962లో నామ్‌కా చూ దగ్గర చైనా సైన్యాన్ని ఎదుర్కొన్న బ్రిగేడ్ ఆయనదే. మంచు కొండల మీద నూలు దుస్తుల్లో, మనిషికి యాభై తూటాలతో నిలబెట్టిన జవాన్ల గురించి కోపంతో రాశాడు. ఆయన్ను చైనావాళ్లు పట్టుకుని ఏడు నెలలు బందీగా ఉంచారు. సైనికుడి ధైర్యాన్ని పొగిడి, ఢిల్లీలో బల్లల ముందు కూర్చున్నవాళ్ల లెక్కలు విప్పిచెప్పిన పుస్తకం.

వీటిలో కొత్త ఇంగ్లిషు పుస్తకాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. తెలుగువి హైదరాబాద్‌లో పెద్ద పుస్తకాల దుకాణాల్లో అడగాలి. పాత సోవియట్ పుస్తకాలకు మాత్రం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లే దిక్కు. ఓపిక ఉండాలి. పదో తరగతి పిల్లలకు రిమార్క్ ఇవ్వొచ్చు. అలెక్సీవిచ్‌ను ఇంకో రెండు మూడేళ్లు ఆగి ఇవ్వడం మంచిది.

చివరిగా ఒక ఉత్తరం. 1999 కార్గిల్ యుద్ధంలో హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న తోలోలింగ్ ప్రాంతంలో వీరమరణం పొందారు. మహావీర్ చక్ర ఇచ్చారు. అంతకు కొద్దిరోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, గర్భవతిగా ఉన్న తన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని కోరారు. పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అబ్బాలని. బిడ్డ పుట్టేనాటికి ఆయన లేరు.

భారత కథలు రోజుకొకటి చెప్పుకుంటూ పోతే విరాటపర్వం వస్తుంది, ఉద్యోగపర్వం వస్తుంది, పద్దెనిమిది రోజుల యుద్ధమూ వస్తుంది. ఆ తర్వాత పదకొండోది స్త్రీపర్వం. తెలుగులో తిక్కన రాశాడు. చాలా ఇళ్లలో కథ చెప్పే పెద్దవాళ్లు దాన్ని రెండు ముక్కల్లో తేల్చేసి ధర్మరాజు పట్టాభిషేకానికి వెళ్లిపోతారు. ఈసారి అక్కడ ఆగండి. యుద్ధం అయిపోయింది. కౌరవుల ఇంటి ఆడవాళ్లు కురుక్షేత్రంలోకి నడిచి వస్తారు. ఏ తల ఏ మొండానిదో పోల్చుకోలేక, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటుంటారు.