సూది గుచ్చితే నొప్పి తగ్గుతుందా? దేనితో పోలిస్తే?

1971 జులైలో న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కి చైనా పర్యటనలో ఉండగా కడుపునొప్పి పట్టుకుంది. అపెండిసైటిస్ అని తేల్చి బీజింగ్‌లోని ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఆ తరవాత ఒక రాత్రి కడుపు ఉబ్బరించి అవస్థ పడుతుంటే, ఒక వైద్యుడు వచ్చి కుడి మోచేతి దగ్గర, మోకాళ్ల కింద పొడుగాటి సన్న సూదులు గుచ్చి తిప్పాడు. పొగచుట్టల్లాంటి మూలికను వెలిగించి పొట్టకు దగ్గరగా పట్టుకున్నాడు. గంటలో తెరిపిన పడ్డానని రెస్టన్ తన పత్రికలో రాశాడు. అమెరికా జనానికి ఆక్యుపంక్చర్ అనే మాట ఇంటింటికీ చేరింది ఆ వ్యాసంతోనే.

అది నోటినోటికీ పాకేసరికి ‘మత్తుమందు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేసేశారట’ అయి కూర్చుంది. ఆయన రాసింది అది కాదు. ఆపరేషన్‌కి మామూలు మత్తు ఇంజెక్షన్లే ఇచ్చారు. సూదులు వాడింది తరవాత వచ్చిన ఉబ్బరానికి. అదైనా, కోత పడిన కడుపులో చేరిన గాలి చాలామందికి ఒకటి రెండు రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. సూదులు గుచ్చకపోయి ఉంటే ఆ రాత్రి ఎలా గడిచేదో చెప్పడానికి పక్క మంచం మీద ఇంకో రెస్టన్ లేడు.

ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు నేను తిరిగి వేసే ప్రశ్న ఇక్కడి నుంచి వచ్చిందే. దేనితో పోలిస్తే? ఏమీ చెయ్యకుండా కూర్చోవడంతోనా, మాత్రలతోనా, ఉత్తుత్తి సూదితోనా? పోల్చేది మారితే జవాబు మారిపోతుంది. ఈ వైద్యం మీద దేశదేశాల్లో జరిగే తగువులో సగం అక్కడే ఉంది.

ముందు దీని వయసు సంగతి. ‘ఐదువేల ఏళ్ల ప్రాచీన వైద్యం’ అని బోర్డుల మీద రాస్తుంటారు. చైనాలోని మవాంగ్‌దుయిలో క్రీ.పూ. 168లో మూసేసిన సమాధిని 1973లో తవ్వితే, పట్టుగుడ్డ మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. వాటిలో ఒంట్లోని నాళాల వర్ణన ఉంది, మూలిక కాల్చి వేడి పెట్టడం ఉంది. సూదుల మాట మాత్రం లేదు. సూదులు గుచ్చే పద్ధతి విస్తారంగా కనిపించేది, క్రీ.పూ. రెండు, ఒకటి శతాబ్దాల నాటిదని పండితులు చెప్పే ‘హువాంగ్‌ది నేజింగ్’ అనే వైద్య గ్రంథంలో. రెండువేల ఏళ్లు తక్కువేం కాదు కదా, ఇంకో మూడువేలు అరువు తెచ్చుకోవడం ఎందుకో!

చైనాలోనూ ఇది ఎప్పుడూ ఒకే వెలుగు వెలగలేదు. 1822లో చక్రవర్తి దావోగువాంగ్ రాజవైద్య విద్యాలయంలో దీని బోధన నిలిపేశాడు. మళ్లీ పైకి తెచ్చింది 1950ల నాటి మావో ప్రభుత్వం. కోట్లమంది జనం, వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది డాక్టర్లు. చేతిలో ఉన్న వైద్యాన్ని వాడుకోక తప్పని రోజులవి.

మన దేశానికి వచ్చిన దారి కొంచెం వేరు. జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు 1938లో కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లను పంపింది. వారిలో సోలాపూర్‌కి చెందిన ద్వారకానాథ్ కోట్నిస్ 1942లో అక్కడే కన్నుమూశాడు. ఆ బృందంలోనే ఉన్న బిజయ్‌కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడు. అందుకే దీనికి మొదట చట్టం చేసుకున్నది పశ్చిమ బెంగాల్, 1996లో. కేంద్రం 2003లో దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా ఒప్పుకుంది, 2019లో స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. మన దగ్గర ప్రకృతి వైద్యం డిగ్రీ చదివేవాళ్లకు ఇది పాఠ్యాంశం.

ఇక గదిలో జరిగేది. సూది అనగానే ఇంజెక్షన్ గుర్తొచ్చి భయపడక్కర్లేదు. ఇంజెక్షన్ సూదికి మధ్యలో రంధ్రం ఉంటుంది, లావుగా ఉంటుంది. ఇది దాదాపు పావు మిల్లీమీటరు మందం ఉండే గట్టి తీగ. లోపలికి మందేమీ పోదు. ఒక్కో విడతకు అయిదారు నుంచి పదిహేను దాకా గుచ్చి ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచుతారు. గుచ్చిన చోట బరువుగా, తిమ్మిరిగా, లాగినట్టు అనిపిస్తే ‘ద చీ’ వచ్చిందంటారు, చికిత్స పట్టిందనడానికి గుర్తుగా చెబుతారు. కొందరు సూదులకు తీగలు తగిలించి సన్నగా కరెంటు ఇస్తారు.

సూదులతోపాటు వచ్చేవి ఇంకొన్ని. రెస్టన్ పొట్ట దగ్గర వెలిగించినదాన్ని మోక్సా అంటారు. అది మనం వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రికి దగ్గరి చుట్టం, రెండూ ఆర్టిమీసియా జాతివే. ఎండబెట్టి నలిపి చుట్టగా చుట్టి కాలుస్తారు. గాజు కప్పులు అతికించి చర్మాన్ని పైకి లాగే కప్పింగ్ చైనా సొత్తే అనుకోవడం పొరపాటు. హైదరాబాద్ పాతబస్తీలో యునానీ వైద్యులు చేసే హిజామా కూడా కప్పులతోనే, అందులో చర్మం మీద గాట్లు పెట్టి నెత్తురు కూడా తీస్తారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్ వీపు మీది గుండ్రటి మచ్చలు చూశాక కుర్రకారు కూడా కప్పుల వెంట పడ్డారు. వీటికి సూదులకున్నంత పరిశోధన బలం లేదు కాబట్టి సూదుల దగ్గరికే వద్దాం.

సంప్రదాయం చెప్పేదేమిటంటే, ఒంట్లో ‘చీ’ అనే శక్తి నాళాల్లో ప్రవహిస్తుంది, అది అడ్డుపడితే నొప్పి, సరైన బిందువులో సూది గుచ్చితే అడ్డు తొలగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణీకరించిన జాబితాలో 361 బిందువులున్నాయి. ఆ నాళాలు మాత్రం శవపరీక్షలోగానీ స్కానింగ్‌లోగానీ ఎవరికీ కనబడలేదు. సరే, కనబడకపోయినా పనిచేస్తుందేమో చూడాలి. చూడాలంటే ఉత్తుత్తి సూది కావాలి. రోగికి తేడా తెలియకూడదు, అదే చిక్కు. కొన్ని పరిశోధనల్లో బిందువులు కాని చోట పైపైన గుచ్చుతారు. 1998లో ఇంకో ఉపాయం వచ్చింది. మొన మొద్దుగా ఉండి, నొక్కగానే పిడిలోకి దూరిపోయే సూది. గుచ్చుకున్నట్టే కనిపిస్తుంది, చర్మం దాటదు.

ఇలాంటి పరీక్షల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది 2007లో వెలువడిన జర్మనీ అధ్యయనం. ఏళ్ల తరబడి నడుం నొప్పితో ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు చైనా పద్ధతిలో, సరైన బిందువుల్లో సూదులు. రెండో గుంపుకు బిందువులు కాని చోట పైపైన. మూడో గుంపుకు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తరవాత చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించినవాళ్లు మొదటి గుంపులో 47.6 శాతం, రెండో గుంపులో 44.2 శాతం, మూడో గుంపులో 27.4 శాతం.

ఈ మూడు అంకెల దగ్గర కాసేపు ఆగాలి. మొదటిదాన్ని మూడోదానితో పోల్చేవాడు ‘మామూలు వైద్యం కన్నా ఎంతో నయం’ అంటాడు. రెండోదానితో పోల్చేవాడు ‘ఎక్కడ గుచ్చినా ఒకటే, అంతా నమ్మకం’ అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మూడో గుంపు గురించి ఇంకో మాట కూడా ఉంది. వాళ్లు అప్పటికే ఆ మందులూ వ్యాయామాలూ వాడి విసిగినవాళ్లు. సూదులు దొరుకుతాయని ఆశపడి వస్తే మళ్లీ పాతవే చేతిలో పెట్టారు. ఆ నిరాశ కూడా 27లో కొంత ఉండే ఉంటుంది. మోకాళ్ల అరుగుదల మీద అక్కడే చేసిన ఇంకో అధ్యయనంలోనూ దాదాపు ఇదే వరస: 53, 51, 29 శాతం.

వీటి ఆధారంగానే జర్మనీ నడుముకు, మోకాలికి ఆక్యుపంక్చర్ ఖర్చును ఆరోగ్య బీమాలో చేర్చింది. పార్శ్వపు నొప్పికి చేర్చలేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే ‘నైస్’ సంస్థ, ఉత్తుత్తి సూదితో పోల్చి చూసి, 2016లో నడుం నొప్పికి దీన్ని వద్దంది. అదే సంస్థ 2021లో కారణం తేలని దీర్ఘకాలిక నొప్పులకు ఇవ్వొచ్చంది. అమెరికాలో వృద్ధులకిచ్చే మెడికేర్ బీమా 2020 నుంచి మొండి నడుం నొప్పికి తొంభై రోజుల్లో 12 విడతల దాకా ఖర్చు భరిస్తోంది. అవే అధ్యయనాలు, మూడు దేశాలు, ఇన్ని తీర్పులు!

ఈ జర్మనీ అధ్యయనాల్లాంటి 39 పరీక్షల్లోని 20,827 మంది వివరాలను ఒకచోట చేర్చి 2018లో లెక్కవేశారు. సరైన సూదికి, ఉత్తుత్తి సూదికి మధ్య తేడా ఉంది, కానీ చిన్నది. సూది వేయించుకున్నవాళ్లకు, అసలు వేయించుకోనివాళ్లకు మధ్య తేడా అంతకు రెట్టింపు పైన ఉంది. అంటే ఉపశమనంలో పెద్ద వాటా బిందువుది కాదు. మరి దేనిది? హార్వర్డ్‌లో టెడ్ కాప్చుక్ బృందం 2008లో ఒక విచిత్రమైన పరీక్ష చేసింది. కడుపు పోట్లు, విరేచనాల తేడాలతో బాధపడే 262 మంది రోగులు. సూదులు ఎవరికీ నిజమైనవి కావు. ఊరికే ఎదురుచూసిన గుంపులో 28 శాతం మంది తగినంత ఉపశమనం కలిగిందన్నారు. ఉత్తుత్తి సూదులతో ముక్తసరిగా చికిత్స చేస్తే 44 శాతం. అవే ఉత్తుత్తి సూదులకు తోడు, వైద్యుడు కూర్చోబెట్టి బాధంతా అడిగి, ఓపిగ్గా విని, ధైర్యం చెప్పిన గుంపులో 62 శాతం.

దీన్ని చూసి మోసం అనేవాళ్లతో నేను కలవను. నొప్పి పుట్టేది మోకాల్లోనే అయినా అది ఎంత బాధించాలో నిర్ణయించేది మెదడు. అరగంట పడుకోబెట్టి శ్రద్ధ చూపే చికిత్స ఆ నిర్ణయాన్ని మార్చగలదు. రెండు నిమిషాల్లో చీటీ రాసి ‘నెక్స్ట్’ అనే ఓపీ మార్చలేదు. అయితే ఒకటి. బిందువు ఒక నూలు తప్పినా పనిచేయదని, అది తమ ఒక్కరికే తెలుసని చెప్పి పెద్ద ప్యాకేజీలు అంటగట్టేవాళ్లకు ఈ పరిశోధన ఏ దన్నూ ఇవ్వదు.

సూదికి ఒంట్లో సొంత ప్రభావమూ ఉంది. 1970ల్లో చేసిన ప్రయోగాల్లో, ఒంట్లో సహజంగా తయారయ్యే ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే నాలొక్సోన్ ఇస్తే సూదితో వచ్చిన ఉపశమనం తగ్గిపోయింది. 2010లో ఎలుకల్లో, సూది తిప్పిన చోట అడినోసిన్ అనే నొప్పి తగ్గించే పదార్థం విడుదలవుతుందని చూపారు. దెబ్బ తగలగానే చేత్తో రుద్దుకుంటే బాధ ఎందుకు తగ్గుతుందో వివరించే సిద్ధాంతం 1965 నుంచీ ఉంది: స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డం పడతాయి. ఇవన్నీ సూది ఎక్కడ గుచ్చినా ఎంతో కొంత జరిగేవే.

మరి ఎవరు ప్రయత్నించవచ్చు? మొండి నడుం నొప్పి, మెడ నొప్పి, మోకాళ్ల అరుగుదల, తరచూ వచ్చే పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లు. ముఖ్యంగా గ్యాస్ట్రిక్ వల్లనో కిడ్నీల వల్లనో నొప్పి మాత్రలు పడనివాళ్లు. వ్యాయామం మానేసి కాదు, దానికి తోడుగా. ఆరు విడతల దాకా రోజూ నొప్పికి పదికి ఎన్ని మార్కులో, ఎంతదూరం నడవగలిగారో రాసుకోండి. అప్పటికీ కాగితం మీద మార్పు లేకపోతే ఇరవయ్యో విడతలో వస్తుందని కూర్చోకండి.

కొన్ని నొప్పులకు సూది దగ్గరికి వెళ్లడమే ప్రమాదం. నడుం నొప్పితో పాటు కాళ్లు బలహీనపడటం, మూత్రం ఆగిపోవడం లేదా పట్టు తప్పడం, జ్వరం, బరువు తగ్గడం. ఉన్నట్టుండి తల బద్దలైనట్టు వచ్చే నొప్పి. ఎడమ చేతికో దవడకో పాకే ఛాతీ నొప్పి. వీటికి తిన్నగా ఆసుపత్రికే.

సూది వల్ల హాని తక్కువే. జర్మనీలో 2,29,230 మందిని గమనిస్తే 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగింది, ఎక్కువగా నెత్తురు చుక్క, కమిలిన మచ్చ. ఇద్దరికి ఊపిరితిత్తికి చిల్లు పడింది. అందుకే భుజాల మధ్య, ఛాతీ మీద లోతుగా గుచ్చేది శిక్షణ ఉన్న చెయ్యే కావాలి. సూదుల ప్యాకెట్టు మీ కళ్లముందు విప్పాలి, వాడినవి పారెయ్యాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, గర్భిణులు ముందే చెప్పాలి. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లు మోక్సా వేడి జోలికి పోవద్దు, కాలినా తెలియదు.

చైనా మూలికల సంగతి ఇంత తేలిక కాదు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మాత్రల్లో ఒక చైనా మూలికకు బదులు, పేరు దగ్గరగా ఉన్న అరిస్టోలోకియా కలిసింది. వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. చాలామందికి తరవాత మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. ఆ జాతి మొక్క మన దగ్గరా ఉంది: పాముకాటుకు వాడతారని పేరున్న ఈశ్వరి. దానిలోనూ అదే విషపదార్థం ఉంటుంది. కీళ్ల నొప్పులకు చైనాలో వాడే ఇంకో దుంప మన వసనాభి జాతిది, శుద్ధి సరిగా లేకపోతే గుండె లయ తప్పుతుంది. సూదులు వేసేవాళ్లు చేతిలో పేరులేని పొట్లమో గుళికలో పెడితే, అందులో ఏముందో కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వకపోతే తీసుకోకండి. ఇప్పటికే వాడుతుంటే ఆ పొట్లంతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లి కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.