భయపడే చిన్న కుక్కకు తగిన ఇల్లు ఏది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో కుక్క లేని వీధి ఉండదు. వాటిలో చాలా వరకు వీధిలోనే పుట్టి పెరిగినవి. కొన్ని మాత్రం ఒకప్పుడు ఎవరి ఇంట్లోనో ముద్దుగా పెరిగి, తరువాత బయటికి వచ్చినవి. ఇంటివారు ఊరు మారినప్పుడు, ఇంటి యజమాని గల్ఫ్‌కు వెళ్లినప్పుడు, ఇంట్లో పసిబిడ్డ పుట్టినప్పుడు, లేదా కుక్కకు చర్మవ్యాధి వచ్చి వెంట్రుకలు ఊడినప్పుడు దానిని దూరంగా తీసుకుపోయి వదిలివేసేవారు ఉన్నారు. మనం బొచ్చు కుక్క అని పిలిచే చిన్న జాతి కుక్కలు కూడా ఈ విధంగా బజారున పడుతుంటాయి.

అటువంటి ఒక చిన్న కుక్క ఏ అంగడి అరుగు కిందనో వణుకుతూ కనిపిస్తే, దయగల వారు దానిని ఇంటికి తెచ్చి అన్నం పెడతారు. కొద్ది రోజులకు దానికి ఒక శాశ్వతమైన ఇల్లు చూడాలనుకుంటారు. మొదట అడిగినవారి చేతికి ఇచ్చి ఊపిరి పీల్చుకుంటారు. తరచుగా పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

ఆరోగ్య పుస్తకంలో కుక్క సంగతి ఎందుకు?

కుక్క కోపంతోనే కరుస్తుందని మనం అనుకుంటాము. నిజానికి ఎన్నో కాట్లకు కారణం భయం. పారిపోవడానికి దారి లేనప్పుడు, తన మాట ఎవరూ వినిపించుకోనప్పుడు భయపడిన కుక్క పళ్లను వాడుతుంది. ఇంట్లో ఎక్కువగా కాటుకు గురయ్యేది చిన్నపిల్లలే. వారి ముఖం కుక్క నోటికి దగ్గరగా ఉంటుంది గనుక గాయాలు ముఖానికి, మెడకు తగిలే ప్రమాదం ఎక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్ వలన ఏటా సుమారు 59 వేల మంది మరణిస్తున్నారు. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారా వచ్చేదే. చనిపోయేవారిలో సుమారు 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలు. లక్షణాలు బయటపడిన తరువాత ఈ వ్యాధికి మందు లేదనే చెప్పాలి. కాబట్టి భయపడే కుక్కను తగని ఇంటికి ఇవ్వడం ఆ కుక్కకే కాదు, ఆ ఇంటి పిల్లలకు కూడా హాని. కరిచిన కుక్కను మళ్లీ వీధిలో వదిలివేస్తారు. ఇల్లు మారిన ప్రతిసారీ దాని భయం పెరుగుతుందే గాని తగ్గదు.

భయం ఎందుకు వస్తుంది?

అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరాలు కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ఒక గ్రంథం ప్రచురించారు. కుక్కపిల్లకు సుమారు మూడవ వారం నుండి పన్నెండవ వారం వరకు ఉండే కాలం చాలా ముఖ్యమైనదని వారు వివరించారు. ఆ వయసులో మనుషులను, పిల్లలను, రకరకాల శబ్దాలను మంచిగా పరిచయం చేసుకున్న పిల్ల ధైర్యంగా పెరుగుతుంది. ఆ కాలమంతా ఒక మూల కట్టివేయబడిన పిల్లకు పెద్దయ్యాక కొత్తది ఏదైనా భయమే.

దెబ్బలు తిన్న కుక్క చేయి ఎత్తితే భయపడుతుంది. చెవి పోటు, పంటి నొప్పి, కీళ్ల నొప్పి, చూపు తగ్గడం వలన కూడా కుక్క ముట్టుకోనివ్వదు. అందువలన "ఇది పిరికి కుక్క" అని నిర్ణయించే ముందు పశువైద్యునికి చూపించాలి.

భయాన్ని గుర్తించడం ఎలా?

తోకను కాళ్ల మధ్య ముడుచుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, ముఖం పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, తిండి లేకున్నా పెదవులు నాకడం, నిద్ర లేకున్నా ఆవులించడం, వణకడం, మంచం కింద దూరడం – ఇవన్నీ భయానికి గుర్తులు. ఇవి పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. గుర్రుమనడం తప్పు కాదు, అది హెచ్చరిక. గుర్రుమన్నందుకు కొడితే, ఆ కుక్క మరునాడు హెచ్చరించకుండానే కరవడం నేర్చుకుంటుంది.

అయితే నిన్నటి వరకు మామూలుగా ఉన్న కుక్క ఒక్కసారిగా మారిపోయి, కారణం లేకుండా కరవడానికి వస్తున్నా, చొంగ కారుస్తున్నా, దవడ వేలాడుతున్నా, మింగలేకపోతున్నా, నడక తడబడుతున్నా అది మామూలు భయం కాకపోవచ్చు. రేబిస్ క్రిమి శరీరంలో చేరిన తరువాత లక్షణాలు కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అటువంటి కుక్కను ముట్టుకోకుండా, పిల్లలను దూరంగా ఉంచి, వెంటనే పశువైద్యునికి తెలియజేయాలి.

ఇల్లు వెతకడానికి ముందు

మొదట ఆ కుక్క తప్పిపోయిందేమో చుట్టుపక్కల విచారించండి. తరువాత పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించండి. మన ప్రాంతంలో కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. ఇది పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందినది. మూడు నెలలు నిండిన కుక్కకు రేబిస్ టీకా వేయించవచ్చు. తరువాతి టీకాలు ఎప్పుడెప్పుడో డాక్టరు చెప్పినట్లు, తేదీ తప్పకుండా వేయించాలి. పేగులలోని పురుగులకు మందు, పిడుదులకు మందు, వీలైనప్పుడు సంతానం కలుగకుండా శస్త్రచికిత్స చేయించడం కూడా అవసరం. ఇవన్నీ రాసిన కార్డు కుక్కతో పాటు కొత్త ఇంటికి వెళ్లాలి.

కనీసం రెండు మూడు వారాలు మీ దగ్గరే ఉంచుకొని గమనించండి. మగవారిని చూస్తే భయపడుతుందా? పిల్లల అరుపులకు దాక్కుంటుందా? అన్నం తినేటప్పుడు దగ్గరికి రానిస్తుందా? మరొక కుక్క తోడుంటే ధైర్యంగా ఉంటుందా? చూసినది చూసినట్లు ఒక కాగితం మీద రాయండి. ఈ కాగితమే మీకు ఇల్లు వెతికి పెడుతుంది.

మూడు ఇళ్లు

మన ఊళ్లలో ఉండే మూడు రకాల ఇళ్లను ఉదాహరణగా తీసుకుందాము. ఇవి ఊహించి చెప్పినవే. మూడు ఇళ్లవారూ మంచివారే, మూడిళ్లలోనూ కుక్కంటే ఇష్టమే.

మొదటిది జగిత్యాలలో ఒక ఉమ్మడి కుటుంబం. కింద కిరాణా దుకాణం, పైన ఇల్లు. నాలుగేళ్లది ఒకరు, ఆరేళ్లది ఒకరు ఇద్దరు పిల్లలు. రోజంతా వచ్చేవారు, పోయేవారు. కుక్క కావాలని అందరికంటే ముందు అడిగింది వీరే. కాని దాక్కోవడానికి మూల లేని ఇల్లు ఇది. పిల్లలు ప్రేమతోనే మీద పడి హత్తుకుంటారు. ఆ హత్తుకోవడమే భయపడే కుక్కకు పట్టుకున్నట్లుగా తోస్తుంది. వీరికి మనుషులలో కలిసిపోయే హుషారైన కుక్కను చూపించడం మేలు.

రెండవది సిరిసిల్లలో ఒక ఆసామి ఇల్లు. ఇంటికి ఆనుకొని సాంచాల షెడ్డు. రాత్రింబగళ్లు సాంచాలు ఆడుతూనే ఉంటాయి. ఇంటివారికి ఆ చప్పుడు అలవాటే, అది ఆగితేనే నిద్ర పట్టదు. కాని మనిషి చెవి సుమారు 20 వేల హెర్ట్జ్ వరకు వింటే, కుక్క చెవి సుమారు 45 వేల వరకు వింటుంది. మనకు వినపడని సన్నని శబ్దాలు కూడా దానికి వినపడతాయి. శబ్దానికి భయపడే కుక్కకు అక్కడ విశ్రాంతి ఉండదు. అదే సిరిసిల్లలో సాంచాలకు దూరంగా ఉన్న వీధిలోని ఇల్లైతే సరిపోవచ్చు. సాంచాల మధ్యనే పుట్టి పెరిగిన కుక్కకైతే ఆ షెడ్డు పక్క ఇల్లు కూడా ఇబ్బంది కాదు.

మూడవది కోరుట్లలో ఒక వృద్ధ దంపతుల ఇల్లు. కొడుకు దుబాయిలో ఉన్నాడు. అవ్వ ఇంట్లోనే కూర్చొని బీడీలు చుడుతుంది, తాత మధ్యాహ్నం పడుకుంటాడు. ఇంటికి ప్రహరీ గోడ, గేటు ఉన్నాయి. రోజూ ఒకే వేళకు లేవడం, ఒకే వేళకు తినడం. వారు కుక్కను అడగనే లేదు, "మాకెందుకు ఈ వయసులో" అన్నారు కూడా. అయినా ఎప్పుడూ ఎవరో ఒకరు ఇంట్లో ఉండే ఈ నిశ్శబ్దమైన ఇల్లే భయపడే చిన్న కుక్కకు సరిపోతుంది.

ఇక్కడ కూడా కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. తంబాకులోని నికోటిన్ కుక్కకు విషం. చిన్న కుక్కకు కొద్దిపాటి తంబాకు కడుపులోకి పోయినా ప్రమాదమే. కాబట్టి పని అయిన వెంటనే బీడీ చాటను, తంబాకును ఎత్తయిన చోట పెట్టాలి. చిన్న కుక్క కాళ్లలో తిరిగితే పెద్దవారు తట్టుకొని పడవచ్చు, తుంటి ఎముక విరగవచ్చు. మెడపట్టీకి ఒక చిన్న గజ్జె కడితే ఎక్కడుందో తెలుస్తుంది. వారికి ఆరోగ్యం బాగాలేని రోజున కుక్కను చూసేవారెవరో ముందే అనుకోవాలి.

ఇష్టం ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే మొదటి ఇంటికే ఇచ్చేవాళ్లం. ఇంటి దినచర్యను కూడా చూస్తే మూడవ ఇల్లు కనిపిస్తుంది. జాలి అవసరమే గాని జాలి ఒక్కటే చాలదు, ఇల్లు కుదరాలి.

అడగవలసిన ప్రశ్నలు

ఇంట్లో ఏడెనిమిదేళ్లలోపు పిల్లలు ఉన్నారా? పగలు ఇంట్లో ఎవరు ఉంటారు? గేటు సరిగ్గా మూసుకుంటుందా? ఇంటివారందరికీ సమ్మతమేనా? సొంత ఇల్లా, అద్దె ఇల్లా? ఎండాకాలం కుక్క ఎక్కడ పడుకుంటుంది? మన ప్రాంతంలో ఎండలు 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రేకుల కింద కట్టివేస్తే చిన్న కుక్క ప్రాణానికే ముప్పు.

కోతుల బెడద ఉన్నచోట కోతులను తరమడానికి కుక్కను అడిగేవారు ఉంటారు. భయపడే కుక్క ఆ పని చేయలేదు, దానికే గాయాలవుతాయి. కాపలాకు కావాలన్నవారికి కూడా ఇదే మాట చెప్పాలి.

కుక్కలో ఉన్న లోపాన్ని దాచి ఇవ్వకూడదు. గుర్రుమంటుందని, ఇంట్లో మూత్రం పోస్తుందని ముందే చెప్పండి. ఇచ్చేటప్పుడు ఈ మాట తప్పక అనండి: "అన్నా, మీకు కుదరకుంటే బజార్ల ఇడిసిపెట్టకుండ్రి, మల్ల మాకే తెచ్చియ్యుండ్రి. మేమేమీ అనుకోము." ఈ ఒక్క మాట వలన ఒక కుక్క మరలా వీధిన పడకుండా ఆగుతుంది.

వీధికుక్కను పెంచుకోదలచినవారు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చని, అలా తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో పేర్కొన్నది. పెంపుడు జంతువును ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలివేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

కొత్త ఇంట్లో మొదటి రోజులు

దీపావళి, వినాయక నిమజ్జనం, ఇంట్లో పెళ్లి వంటి సందడి ఉన్న వారంలో కుక్కను ఇవ్వవద్దు. మొదటి మూడు రోజులు ఒక మూల పాత దుప్పటి, నీళ్ల గిన్నె పెట్టి దాని మానాన దానిని వదిలివేయండి. తినకపోయినా కంగారు పడవద్దు. అయితే ఒక రోజు గడిచినా నీళ్లు కూడా ముట్టకపోతే డాక్టరుకు చూపించాలి. చుట్టాలను పిలిచి చూపించవద్దు. కళ్లలోకి గుచ్చి చూడవద్దు, మీద నుండి చేయి పెట్టి తల నిమరవద్దు. పక్కకు తిరిగి కూర్చొని, అదే మీ దగ్గరికి వచ్చే వరకు ఆగండి. రోజూ ఒకే వ్యక్తి, ఒకే వేళకు అన్నం పెట్టడం మంచిది. ఉల్లిపాయ వేసిన కూర, ఉడికించిన ఎముకలు పెట్టకూడదు.

ఇంటి పద్ధతి అర్థం కావడానికి సుమారు మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి సుమారు మూడు నెలలు పడుతుందని కుక్కలను పెంచేవారు లెక్కగా చెబుతారు. కొన్నిటికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు కుక్కను ముట్టుకోవద్దని ఇంటికి వచ్చే పిల్లలకు నేర్పాలి. చిన్నపిల్లలను, కుక్కను పెద్దవారు లేకుండా ఒకేచోట విడిచిపెట్టకూడదు.

కాటు పడితే

టీకా వేసిన పెంపుడు కుక్క అయినా, చిన్న గీత అయినా అశ్రద్ధ చేయవద్దు. గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు పెట్టకూడదు. కట్టు బిగించకుండా ఆసుపత్రికి రావాలి. చర్మంలోకి ఇచ్చే టీకాను మొదటి రోజు, తరువాత 3, 7, 28 రోజులకు వేస్తారు. కండకు ఇచ్చే పద్ధతిలో 14వ రోజు కూడా ఒక మోతాదు ఉంటుంది. రక్తం వచ్చిన గాయానికి ఇమ్యూనోగ్లోబులిన్ కూడా అవసరమవుతుంది. కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి. అయితే ఆ పది రోజులు గడవనిచ్చి టీకా మొదలు పెడదామనుకోవద్దు. మొదలుపెట్టిన టీకాలను డాక్టరు చెప్పకుండా మధ్యలో ఆపవద్దు.

గుర్తుంచుకోండి

కుక్కకు ఇల్లు దొరకడం ఆలస్యమైతే నష్టం లేదు, తగని ఇంటికి తొందరపడి ఇస్తేనే నష్టం. మంచం కింద నుండి బయటికి రాని కుక్క ఒక రోజు తనంతట తానే వచ్చి మీ పాదాల దగ్గర పడుకుంటుంది. ఆ రోజు వచ్చే వరకు ఓపిక పట్టగల ఇల్లే దానికి తగిన ఇల్లు.