హఠాత్తు పెరుగుదల: మదనపల్లె మార్కెట్ నేర్పే ఇంగ్లీషు

ఏదైనా ఉన్నట్టుండి పెరిగినప్పుడు ఆ సంగతి చెప్పడానికి ఇంగ్లీషులో స్పైక్, సర్జ్, హైక్, బూమ్ వంటి మాటలు చాలా ఉన్నాయి. నిఘంటువులో వీటన్నింటికీ ‘పెరుగుదల’ అన్న అర్థమే కనిపించినా, వాడుకలో ఒక్కో మాట ఆ పెరుగుదల ఎంత వేగంగా వచ్చిందో, ఎవరి వల్ల వచ్చిందో, ఎంతకాలం నిలుస్తుందో కూడా కొంత చెబుతుంది. ఈ తేడా గమనించకుండా ఒకదాని చోట మరొకటి వాడితే వాక్యం వ్యాకరణానికి సరిపోతుంది గాని విషయం తప్పుతుంది. దీన్ని పరిశీలించడానికి మదనపల్లె టమాటా మార్కెట్ చక్కని చోటు.

వేసవి ముగిసి వానలు మొదలయ్యే నెలల్లో, దేశంలో అనేక ప్రాంతాల దిగుబడి తగ్గే వేళ, దూర రాష్ట్రాల వ్యాపారులు మదనపల్లెకూ కర్ణాటకలోని కోలారుకూ వస్తారు. మండీల్లో క్రేట్లను వరుసగా పేర్చి, కాయ పరిమాణం, గట్టిదనం, రంగు చూసి, రకాన్ని బట్టి వేలం పాడతారు. దూర ప్రయాణానికి తట్టుకొనే గట్టి కాయ కోసమే పోటీ ఎక్కువ. టమాటా నిల్వ ఉండే సరుకు కాదు కాబట్టి ఈ రోజు కొరతను పాత నిల్వతో పూడ్చే వీలు లేదు. లారీలకు సరిపడా కాయ రాని రోజున ఆ పోటీ అంతా పాటలోనే బయటపడుతుంది. 2023లో అంతకుముందు ధర గిట్టక చాలామంది సాగు తగ్గించుకోవడం, దానికి ఎండలు, తెగుళ్లు, పలుచోట్ల భారీ వర్షాలు తోడవడంతో, జులై చివరికి ఇక్కడ మొదటి రకం టమాటా కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. నాటిన మొక్క సుమారు రెండు, రెండున్నర నెలల్లో కోతకు వస్తుంది. కొత్త పంట దిగగానే సెప్టెంబరులో ధర 10 రూపాయల చేరువకు పడిపోయింది.

ఈ కదలికను గీతగా గీస్తే నిట్టనిలువుగా లేచి, సన్నని మొన తేలి, అంతే నిటారుగా దిగే ఆకారం వస్తుంది. ఇంగ్లీషు దీన్నే స్పైక్ అంటుంది. మొనదేలిన మేకుకు ఉన్న పేరే ఈ పెరుగుదలకూ వచ్చింది కనుక, ఆ మాట వాడినవారు సాధారణంగా ‘ఇది ఎంతోకాలం నిలవదు’ అని కూడా సూచిస్తున్నట్టే. 2023 ఆగస్టు 10న రిజర్వు బ్యాంకు గవర్నరు తన ప్రకటనలో టమాటా ధరల విషయంలో ఈ మాటనే వాడారు. కూరగాయల ధరలు త్వరలో దిగివస్తాయన్న అంచనాతో రెపో రేటును, అంటే రిజర్వు బ్యాంకు ఇతర బ్యాంకులకు ఇచ్చే స్వల్పకాలిక అప్పుపై వడ్డీని, 6.5 శాతం వద్దే ఉంచారు. ఆ జులైలో 7.44 శాతానికి చేరిన వినియోగదారుల ధరల ద్రవ్యోల్బణం సెప్టెంబరుకు 5.02 శాతానికి తగ్గింది. ఎంచుకున్న మాటా, తీసుకున్న నిర్ణయమూ ఒకే అంచనా మీద నిలబడ్డాయి. అదే జులై ధరను చూసి, ఇక ఇలాగే ఉంటుందని టమాటా నాటిన రైతుకు మాత్రం పంట చేతికొచ్చేసరికి ఆ మొన దాటిపోయింది.

సర్జ్ స్వభావం వేరు. తుపాను వేళ తీరాన్ని ముంచే ఉప్పెనను ఇంగ్లీషులో స్టార్మ్ సర్జ్ అంటారు. పెద్ద రాశి ఒక్కుమ్మడిగా ముందుకు తోసుకురావడం ఈ మాటలోని ప్రధాన భావం. కొత్త పంటతో మార్కెట్‌కు క్రేట్లు వెల్లువెత్తడానికి ఇది బాగా అతుకుతుంది. అంటే రాకలో సర్జ్ వస్తే ధర కూలుతుంది.

హైక్ అనే మాటను భారతీయ పత్రికలు అతిగా వాడుతున్నాయని చెప్పక తప్పదు. బస్సు చార్జీ, ఫీజు, జీతం వంటివాటిని ఎవరో నిర్ణయించి పెంచినప్పుడే ఈ మాట సరైనది. తెలుగులో ‘పెంచారు’, ‘పెరిగింది’ అన్న రెండు క్రియల మధ్య ఈ తేడా సహజంగానే ఉంది కాబట్టి, వేలంలో ఎక్కిన టమాటా ధరను హైక్ అని గాని, ‘ధరల పెంపు’ అని గాని రాయడం రెండు భాషల్లోనూ పొరపాటే.

ఈ ప్రాంతానిదే అయిన పుంగనూరు ఆవు కథ మరో రకం. పొట్టి జాతికి చెందిన ఈ ఆవులకు 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో మేత తినిపించిన దృశ్యాలు దేశమంతటా చూశాక, అప్పటికే ఉన్న ఆసక్తి ఇంకా పెరిగింది. ఆవు తొమ్మిది నెలలకు పైగా చూలు మోసి సాధారణంగా ఒక్క దూడనే ఈనుతుంది. ఆ దూడ ఎదిగి మళ్లీ ఈనడానికి ఏళ్లు పడుతుంది. అందువల్ల గిరాకీ పెరిగినంత వేగంగా మంద పెరగదు, ధర టమాటాలా రెండు నెలల్లో దిగదు. ఇటువంటి, కొంతకాలం నిలిచి వ్యాపారాన్ని తన వెంట లాక్కుపోయే గిరాకీకి బూమ్ అన్న మాట తగినది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో ఈ జాతి సంరక్షణ ఎన్నో ఏళ్లుగా సాగుతున్నది. కొరతలో ఉన్న జాతికి ఈ బూమ్ వల్ల మేలు జరగాలంటే అసలు జాతినీ సంకరాన్నీ వేరుగా గుర్తించడం ముఖ్యం.

మళ్లీ మాటల దగ్గరకు వస్తే, మూడు రాష్ట్రాల సరిహద్దులు చేరువై తెలుగు, తమిళం, కన్నడం పక్కపక్కనే వినిపించే కుప్పం నుంచి చూసినప్పుడు ఇంకో విశేషం తెలుస్తుంది. తమిళుల ‘విలై’, కన్నడిగుల ‘బెలె’ రెండూ ‘ఏరు’ అనే క్రియతో పైకి పోతాయి, తెలుగువారి రేటు ‘ఎక్కుతుంది’. మూడింటిలోనూ ప్రధాన క్రియ ఎక్కడమే; వేగాన్ని ‘అమాంతం’, ‘ఒక్కసారిగా’ వంటి మాటలు విడిగా చెబుతాయి. ఇంగ్లీషు ఆ వేగాన్ని తరచుగా క్రియలోనే ఇమిడిస్తుంది. అయినా తెలుగు పేదది కాదు: ‘ఎగబాకడం’ పట్టు వదలక పైకి పోవడాన్నీ, ‘పుంజుకోవడం’ పడినది మళ్లీ బలపడడాన్నీ చెబుతాయి. అలలకూ మంటలకూ వాడే ‘ఎగసిపడడం’లో లేవడమూ పడడమూ ఒకే మాటలో ఉన్నాయి కాబట్టి, ‘ఆకాశాన్నంటిన ధరలు’ అని ఏటా రాసే పత్రికలు, 2023 నాటి మదనపల్లె టమాటా ధర వంటిదాన్ని ‘ఎగసిపడింది’ అని రాస్తే, స్పైక్ చెప్పేదంతా తెలుగు పాఠకులకు తెలుగులోనే అందుతుంది.