మరాన్ కోళ్లు: పొదుగుటయు, ఈకల వన్నెయు

ఫ్రాన్సు దేశపు పడమటి తీరమున లా రోషెల్ రేవునకు చేరువగా మరాన్ అను చిన్న పట్టణము కలదు. చుట్టును చిత్తడి నేలలు, నడుమ సెవ్ర్ నియోర్తేజ్ నది. పూర్వము ఓడలు నది వెంబడి ఆ పట్టణమువరకు వచ్చి ధాన్యము నెక్కించుకొని పోయెడివి. ఓడలవారు తెచ్చిన పందెపు పుంజులు అచ్చటి పల్లె పెట్టలతో కలియగా పుట్టిన సంతతియే నేటి మరాన్ కోళ్లకు మూలము. పిమ్మట చీనాదేశపు లాంగ్‌షాన్ జాతియు దీనితో కలిసినది. ఈ లాంగ్‌షాన్ కోళ్లను 1872లో క్రోడ్ అను సైనికోద్యోగి ఇంగ్లండునకు తెప్పించెను. మరాన్ కోడి కాళ్లపై కానవచ్చు సన్నని ఈకలు దానినుండి సంక్రమించినవే. 1929లో ఈ జాతికై ఫ్రాన్సున ఒక సంఘ మేర్పడెను. 1931లో జాతి లక్షణములను నిర్ణయించిరి.

దీని ప్రఖ్యాతి యంతయు గ్రుడ్డువలన వచ్చినది. పాకము ముదిరిన బెల్లపు వన్నె యెట్టిదో మేలైన మరాన్ గ్రుడ్డు వన్నె యట్టిది. పెంకునకు ఆ రంగు నిచ్చు పదార్థమునకు ప్రోటోపోర్ఫిరిన్ అని పేరు. నెత్తురునకు ఎఱుపు నిచ్చు పదార్థమునకు ఇది దగ్గఱి చుట్టము. పెంకు తయారగుటకు ఇంచుమించు ఇరువది గంటలు పట్టును. ఆ కడపటి గంటలలో ఈ రంగు పైపూతవలె అలముకొనును. కావుననే అప్పుడే పెట్టిన తడి గ్రుడ్డును గట్టిగా తుడిచినచో రంగు చేతికంటును. లోపలి సొనకు దీనితో నేమియు సంబంధము లేదు. ముదురు పెంకు గ్రుడ్డు రుచియం దధికమని చెప్పి హెచ్చు వెల కమ్మువారి మాటలను నమ్మ బనిలేదు. రంగును కొలుచుటకు ఒకటి మొదలు తొమ్మిది వఱకు మెట్లు గల పట్టిక యొకటి యున్నది. నాలుగవ మెట్టునకు దిగువనున్న గ్రుడ్డును మరాన్ గ్రుడ్డుగా నెంచరు. ఏటేట గ్రుడ్లు పెట్ట నారంభించినపుడు రంగు మిక్కిలి ముదురుగా నుండి, రాను రాను వెలిసిపోవును. ఈకలు రాల్చి కొత్తవి తొడిగిన పిమ్మట మరల ముదురును.

ఈ ముదురుదనమే పొదిగించు గృహిణికి చిక్కు తెచ్చిపెట్టును. తెల్లని గ్రుడ్డును ఏడవ నాడు దీపమున కడ్డముగా పట్టినచో నెత్తుటి నరములు సాలెగూటివలె కనబడును. మరాన్ గ్రుడ్డులో ఆ నాడు చీకటి తప్ప మఱేమియు కానరాదు. తొందరపడి మురిగినదని పారవేసినచో ప్రాణమున్న పిల్లయే పోవచ్చును. పదియవ నాటివఱకైనను ఆగి, మిక్కిలి వెలుగుగల దీపముతో చీకటిగదిలో చూడవలెను. అంతకంటె నమ్మదగిన యుపాయము త్రాసు. పొదుగునపుడు గ్రుడ్డులోని తేమ కొంత ఆవిరియై పోవును. పదునెనిమిదవ నాటికి నూటికి పండ్రెండు పదుమూడు పాళ్లు బరువు తగ్గవలెను. 65 గ్రాముల గ్రుడ్డు సుమారు 57 గ్రాములకు దిగవలె నన్నమాట. అంతగా తగ్గనిచో తేమ యెక్కువైనదనియు, మిక్కిలి తగ్గినచో తేమ చాలలేదనియు గ్రహింపవలెను.

పొదుగునకు వచ్చిన పెట్ట యున్నచో ఈ లెక్కలు పెట్టుకొన నక్కఱలేదు. పది పండ్రెండు గ్రుడ్లను అది తన ఱొమ్ము క్రింద నిముడ్చుకొని, తానే త్రిప్పుచు, తానే వేడిమి చూచుకొనును. యంత్రమున నైనచో వేడిమి 37.5 డిగ్రీలకు అటునిటు కాకుండ కాపాడి, దినమునకు మూడు పర్యాయములైన గ్రుడ్లను త్రిప్పవలెను. పదునెనిమిదవ నాటితో త్రిప్పుట మాని, తేమను హెచ్చింపవలెను. ఇరువదియొకటవ నాడు పిల్ల ముక్కుతో పెంకును చిల్లు పొడుచును. అచ్చటినుండి వెలికివచ్చుటకు ఒక్కొకప్పుడు దినమంతయు పట్టును. చూచువారి ప్రాణము నిలువదు. కాని మూత తెఱచి గోటితో పెంకు వలిచినచో, తేమ పోయి లోపలిపొర ఎండి పిల్లకు అతుకుకొనును. పొరలోని నరములు తెగి నెత్తురు కారును. పచ్చసొన శేషము కడుపులోనికి పోవువఱకు పిల్ల అట్లే విశ్రమించుచుండును. ఆ సొనయే దానికి రెండు దినముల యాహారము.

ఇక ఈకల సంగతి. మన పల్లెలలోను పుంజులను ఈకల వన్నెనుబట్టి డేగ, కాకి, సేతువ, నెమలి అని పిలుతురు. ఏ దినమున ఏ వన్నె గెలుచునో చెప్పుటకు కుక్కుటశాస్త్రమును కల్పించిరి. అంత బుద్ధిని పందెములపై వెచ్చించినవారు ఏ వన్నెకు ఏ వన్నె పుట్టునో విచారించియుండిన ఎంత మేలు కలిగెడిదో! ఆ విచారణ ఇంగ్లండున బేట్‌సన్, పన్నెట్ అను పండితులు 20వ శతాబ్ది యారంభమున కోళ్లపైననే చేసి, మెండెల్ సూత్రములు జంతువులకును వర్తించునని చూపిరి.

మరాన్ జాతియందు పలు వన్నెలు కలవు. వానిలో నల్లని యొడలిపై మెడ యీకలు రాగిరంగున మెఱయునది మిక్కిలి పేరు గన్నది. ఆ నలుపు బూడిదనీలముగా మాఱిన తెగ యింకొకటి. ఈ నీలమునకై యాసపడువారు ఒక లెక్క నెఱుగవలెను. నీలపు పుంజును నీలపు పెట్టతో కలిపినచో పండ్రెండు పిల్లలలో సగటున ఆఱు నీలములు, మూడు నల్లనివి, మూడు తెలుపుపై నీలపు చిందులు గలవి పుట్టును. నీలమునకు నలుపును జతచేసినచో సగము నీలములు, సగము నల్లనివి. చిందుల పుంజును నల్లని పెట్టతో కూర్చినచో పిల్లలన్నియు నీలములే! తల్లిదండ్రులలో నొకటియు నీలము కాకపోయినను సంతతి యంతయు నీలమగుట విచిత్రముగా తోచును. నీలము పుట్టుటకు నీలపుగుణము ఒక వైపునుండి, నల్లగుణము మఱియొక వైపునుండి రావలెను. చిందుల కోడి రెండు వైపుల నుండియు నీలపుగుణమును పొందినది. అందుచే ప్రతి పిల్లకును ఒకటి తప్పక యిచ్చును. ఈ సంగతి యెఱుగనివారు చిందుల పిల్లలను పనికిమాలినవని ఏఱి వేయుచుందురు.

అడ్డుచారల యీకలు గల తెగలో మఱియొక విశేషము కలదు. చారల గుణము పెట్టయందు ఒక్కటియే యుండును. దానిని అది తన మగపిల్లలకు మాత్రమే యియ్యగలదు. కావున నల్లని పుంజును చారల పెట్టతో కలిపినచో, పుట్టినవానిలో తలపై తెల్లనిమచ్చ గలవి పుంజులు, మచ్చలేనివి పెట్టలు. ఇది వినోదము మాత్రమే కాదు. గ్రుడ్లకై పెంచు జాతులలో పుంజుపిల్లలను పుట్టిననాడే చంపు నాచారము పెద్ద కార్ఖానాలలో చిరకాలముగా నున్నది. జర్మనీ దేశము 2022 జనవరి 1వ తేదీనుండి దానిని నిషేధించినది. ఫ్రాన్సును తరువాత ఆ త్రోవనే పట్టినది. మరాన్ పుంజు నాలుగు కిలోల వఱకు తూగును గనుక మాంసము తినువారి యింట దానికిని విలువ కలదు. ఆ యలవాటు లేని యింటివారు మాత్రము పొదిగింపక పూర్వమే, పుట్టబోవు పుంజుల నెవరికిత్తుమా యని యోచింపవలెను.

ఈకలను చూచుచు గ్రుడ్డును మఱచుట ఈ పెంపకమున సర్వసాధారణము. ప్రదర్శనమున పక్షి మెడ కనబడును గాని అది యే గ్రుడ్డునుండి వచ్చినదో కనబడదు. మెడ రాగిరంగున వెలుగుచుండగా గ్రుడ్డు పాలిపోయిన పెట్టలు ఎన్నియో యున్నవి. పుంజు గ్రుడ్డు పెట్టకున్నను పెంకు వన్నె దానినుండియు సంతతికి సంక్రమించును. అందుచే జాతికై నిలుపు పుంజు మిక్కిలి ముదురు గ్రుడ్డునుండి పుట్టినదై యుండవలెను. పొదుగుటకు ముందే ప్రతి గ్రుడ్డు రంగును పుస్తకమున వ్రాసికొని, పెంకుపై సీసపుకడ్డీతో గుర్తు పెట్టి, కడపటి మూడు దినములు ఒక్కొక్క పెట్ట గ్రుడ్లను వేఱు వేఱు అరలలో నుంచవలెను. పిల్లలు వెలికి రాగానే కాళ్లకు రంగు కడియములు తొడుగవలెను. కాలు లావెక్కినకొలది వానిని మార్చుచుండవలెను, లేనిచో చర్మములోనికి దిగును.